ప్రకటన కన్నా ముందు పద్దు పుస్తకం



డిగ్రీ ఆఖరి ఏడాదిలో ఉన్న పిల్లలు ఈ మధ్య ఒక ప్రశ్న తరచుగా అడుగుతున్నారు. పులుల కోసం, పక్షుల కోసం, అడవుల కోసం, చెరువుల కోసం పనిచేసే స్వచ్ఛంద సంస్థలు ఉన్నాయి కదా, వాటిలో ఉద్యోగాలుంటాయా? ఉంటే ఎలా వస్తాయి? జువాలజీ, బోటనీ చదివినవాళ్ళు అడుగుతున్నారు. బీకాం వాళ్ళు అడుగుతున్నారు. బీటెక్ చేసి, మనసు అటు లాగుతున్నవాళ్ళూ అడుగుతున్నారు. పక్కనే ఉన్న అమ్మానాన్నలది ఇంకో ప్రశ్న. దాంట్లో కడుపు నిండుతుందా అని. రెండూ న్యాయమైన ప్రశ్నలే. ఇవాళ ఆ రెండింటి గురించీ మాట్లాడుకుందాం.

మొదటిదానికి జవాబు ముందే చెప్పేస్తాను. ఉద్యోగాలున్నాయి. అయితే గ్రూప్స్ ఉద్యోగాల మాదిరి ఒకేసారి వందల పోస్టులకు నోటిఫికేషన్ రాదు. హాల్‌టికెట్ రాదు. ఇక్కడ ఒక పోస్టు, అక్కడ రెండు పోస్టులు, ఏడాది పొడుగునా పడుతూ ఉంటాయి. ప్రకటన పడ్డాక పది పదిహేను రోజులే గడువు ఉంటుంది. ఆ పదిహేను రోజుల్లో ఎవరూ అడవిని నేర్చుకోలేరు. అందుకని, ప్రకటన పడే నాటికే మీ చేతిలో ఒక వస్తువు ఉండాలి. పెద్ద ఖరీదు కాదు. ఒక నోటుపుస్తకం. తేదీలు వేసి రాసిన నోటుపుస్తకం. ఆ సంగతి వివరంగా చెప్తాను. ముందు ఈ సంస్థలేమిటో, అక్కడ పనేమిటో తెలుసుకుందాం.

ముంబైలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ ఉంది. 1883లో మొదలైంది. పక్షుల శాస్త్రవేత్త సలీం అలీ జీవితం ఆ సంస్థతోనే ముడిపడి సాగింది. డబ్ల్యూడబ్ల్యూఎఫ్ ఇండియా 1969 నుంచి పనిచేస్తోంది. మైసూరులో నేచర్ కన్జర్వేషన్ ఫౌండేషన్, నోయిడాలో వైల్డ్‌లైఫ్ ట్రస్ట్ ఆఫ్ ఇండియా ఉన్నాయి. ఇవి అడవి జంతువుల కోసం పనిచేసేవి. పిల్లలకూ టీచర్లకూ పర్యావరణం నేర్పే సంస్థలు వేరే ఉన్నాయి. అహ్మదాబాద్‌లో సెంటర్ ఫర్ ఎన్విరాన్‌మెంట్ ఎడ్యుకేషన్ 1984లో పుట్టింది. చెన్నైలో సి.పి.ఆర్. పర్యావరణ విద్యా కేంద్రం ఉంది. ఇక మన ఇంటి దగ్గర చూస్తే, హైదరాబాద్‌లో ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ పాముల గురించి పనిచేస్తుంది. హైదరాబాద్ టైగర్ కన్జర్వేషన్ సొసైటీ పులుల అడవుల్లో పనిచేస్తుంది. విశాఖపట్నంలో ఈస్టర్న్ ఘాట్స్ వైల్డ్‌లైఫ్ సొసైటీ తూర్పు కనుమల్లో తిరుగుతుంది. ఈ పేర్లన్నీ గుర్తుపెట్టుకోవాలని కంగారు పడకండి. ఒకటి గుర్తుంటే చాలు. పెద్ద సంస్థలు దేశంలో నలుమూలలా ఉన్నాయి, చిన్న సంస్థలు మన జిల్లాల్లోనే ఉన్నాయి. చిన్నవాటిలో పని నేర్చుకోవడం సులువని నా అభిప్రాయం. అక్కడ మీకు అన్ని పనులూ చేతికొస్తాయి.

అక్కడ పనేమిటి? దీన్ని ఒక పిట్ట కథతో చెప్తాను. కల్పించిన కథ కాదు. కడప జిల్లాలో జరిగింది.

కలివి కోడి పేరు మీరు వినే ఉంటారు. 27 సెంటీమీటర్ల పిట్ట. పొడుగు కాళ్ళు, పెద్ద కళ్ళు. రాత్రిపూట ముళ్ళపొదల మధ్య నేల మీద పరుగెడుతూ పురుగులు ఏరుకుంటుంది. 1848లో దాని గురించి శాస్త్రలోకానికి తెలిసింది. 1900 తర్వాత మళ్ళీ ఎవరికీ కనిపించలేదు. ఇక లేదనే అనుకున్నారు. ఎనభై ఏళ్ళు దాటిపోయాయి. అప్పుడు బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ నుంచి భరత్ భూషణ్ అనే పరిశోధకుడు వచ్చారు. ఊరూరా తిరిగారు. పిట్టలు పట్టేవాళ్ళనూ, మేకలు కాసేవాళ్ళనూ అడిగారు. సిద్ధవటం వైపు రెడ్డిపల్లె దగ్గర ఐతన్న అనే స్థానికుడికి ఆ పిట్ట తెలుసు. 1986 జనవరిలో ఒక రాత్రి ఐతన్న దాన్ని ప్రాణాలతో పట్టి తెచ్చి చూపించాడు. ప్రపంచం పోయిందనుకున్న పిట్ట ఉందని అలా తేలింది. ఆ తర్వాతే శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది. తెలుగుగంగ కాలువ ఆ పిట్ట ఉండే పొదల మీదుగా పోబోతే, కాలువ దారి కూడా మార్చాల్సి వచ్చింది.

గమనించండి. ముంబై నుంచి వచ్చిన చదువు ఒకటి. రెడ్డిపల్లెలో ఉన్న తెలివి ఒకటి. రెండూ కలిస్తేనే పిట్ట దొరికింది.

తర్వాత ఏళ్ళలో అక్కడ జరిగిన పని ఇంకా ఆసక్తిగా ఉంటుంది. రాత్రి తిరిగే పిట్టను లెక్కపెట్టడం ఎలా? పొదల మధ్య ఖాళీ జాగాల్లో మెత్తటి మట్టిని పట్టీలుగా పరిచేవాళ్ళు. సాయంత్రం ఆ మట్టిని చదును చేసేవాళ్ళు. రాత్రి పిట్ట దాని మీద నుంచి పరుగెడితే అడుగుజాడ పడుతుంది. పొద్దున్నే వెళ్ళి ఒక్కొక్క పట్టీ దగ్గర కూర్చుని చూడాలి. ఇది తీతువు పిట్ట అడుగా? కౌజు అడుగా? కలివి కోడి అడుగా? తేడా వేళ్ళ అమరికలో ఉంటుంది, పొడవులో ఉంటుంది. కొలవాలి, రాయాలి. గాలికి మట్టి కదిలితే అదీ రాయాలి. మేకలు తొక్కిపోతే అదీ రాయాలి. ఏమీ లేకపోతే ఏమీ లేదని రాయాలి. మర్నాడు మళ్ళీ అదే పని.

మీరు ప్రకటనల్లో ఫీల్డ్ అసిస్టెంట్ అనీ, రీసెర్చ్ అసిస్టెంట్ అనీ చూస్తారే, ఆ ఉద్యోగం రోజువారీగా ఇలాగే ఉంటుంది. టీవీలో చూపించే పులి దూకుడు ఏడాదికి ఒకసారి కనిపిస్తే మీ అదృష్టం. మిగతా రోజులన్నీ నడక, చూపు, రాత. ఓపికగా చూసి, చూసింది చూసినట్టు రాయగలవాళ్ళే ఈ పనికి కావాలి.

మన సముద్రతీరం సంగతి చూడండి. ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు చలికాలం చివర రాత్రిపూట ఒడ్డుకొచ్చి ఇసుకలో గుడ్లు పెడతాయి. ఒక్కో గూట్లో వంద దాకా ఉంటాయి. కుక్కలూ నక్కలూ తవ్వేయకుండా ఆ గుడ్లను తీసి, కంచె కట్టిన హేచరీలో మళ్ళీ పాతిపెడతారు. ఏడెనిమిది వారాలకు పిల్లలు బయటికొస్తాయి. వాటిని సముద్రంలోకి వదులుతారు. ఈ పనిలో తీరంలో రాత్రి గస్తీ తిరిగేది ఎక్కువగా మత్స్యకార యువకులే. వాళ్ళకు నెలనెలా ఇచ్చే డబ్బు సంస్థల నుంచీ, అటవీశాఖ నుంచీ వస్తుంది. ఏ గూడు ఏ తేదీన పాతారు, ఎన్ని గుడ్లు, ఎన్ని పిల్లలు వచ్చాయి అనే లెక్క రాసే మనిషి ఒకరు కావాలి. అది ఒక ఉద్యోగం. నల్లమలలో చెంచులు ప్రొటెక్షన్ వాచర్లుగా బేస్ క్యాంపుల్లో పనిచేస్తున్నారు. అదీ ఉద్యోగమే. డిగ్రీ లేదని ఎవరూ ఈ ప్రసంగం కట్టేయకండి. మీ ఊరి గుట్ట మీకు తెలిసినంతగా పట్నం నుంచి వచ్చిన పరిశోధకుడికి తెలియదు. ఆ తెలిసినదానికి విలువ ఉంది. కూలి రేటు మాట్లాడుకునేటప్పుడు ఆ విలువ గుర్తుపెట్టుకోండి.

ఇక నేర్పే పని. 1991లో సుప్రీంకోర్టు పర్యావరణం గురించి బళ్ళలో చెప్పాలని ఆదేశించింది. 2001 నుంచి జాతీయ హరిత దళం పేరుతో బళ్ళలో ఎకో క్లబ్బులు పెట్టారు. పుస్తకంలో పాఠం ఉంది, క్లబ్బు పేరు బోర్డు మీద ఉంది. మరి పిల్లల్ని బయటికి తీసుకెళ్ళి చూపించేదెవరు? బడి టీచరుకు సాయం చేసేదెవరు? పర్యావరణ విద్య సంస్థలు ఈ పనికే మనుషుల్ని తీసుకుంటాయి. ఎడ్యుకేషన్ ఆఫీసర్ అనో, ప్రోగ్రాం అసిస్టెంట్ అనో పేరు పెడతారు.

ఉదాహరణకు పాముల పాఠం తీసుకోండి. పల్లెటూరి బడిలో ఏడో తరగతి. పాము అంటే కర్ర తెచ్చే ఇళ్ళ నుంచి వచ్చిన పిల్లలు. వాళ్ళకు "పాములను రక్షించండి" అని నినాదం చెప్తే పనికిరాదు. మొన్న వాళ్ళ పెద్దనాన్నను పొలంలో కాటేసి ఉండొచ్చు. అక్కడ మొదలుపెట్టాలి. మన చుట్టుపక్కల ప్రాణం తీసేవి ముఖ్యంగా నాలుగు. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, ఇసుక పింజరి. వాటిని ఎలా గుర్తుపట్టాలి, రాత్రి పొలానికి పోయేటప్పుడు టార్చి ఎందుకు, కాటేస్తే కోయకుండా, గట్టిగా కట్టు బిగించకుండా, మంత్రం దగ్గరికి పోకుండా సర్కారు ఆసుపత్రికి ఎంత త్వరగా పోవాలి. ఇవి చెప్పాలి. ఆ తర్వాత, గాదెలో ఎలుకలు పెరిగితే ఏమవుతుందో పిల్లలనే అడగాలి. జెర్రిపోతు ఎందుకు పనికొస్తుందో వాళ్ళే చెప్తారు. ఆ తరగతిలో కావాల్సింది మంచి తెలుగు, వినే ఓపిక, భయాన్ని చులకన చేయని మనసు. పామును చేత్తో పట్టి చూపించనక్కర్లేదు. శిక్షణా అనుమతీ లేకుండా పట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం కూడా. పాములు పట్టే వీడియోలు చూసి ఎవరూ ఈ రంగంలోకి రాకండి.

సరే, ఇప్పుడు నోటుపుస్తకం దగ్గరికొద్దాం.

మన ఇళ్ళల్లో గోడకు క్యాలెండరు ఉంటుంది. పాలు పోయించుకున్న రోజు ఆ తేదీ గడిలో లీటరని రాస్తాం. చుట్టాలొచ్చి ఎక్కువ పోయించుకుంటే రెండు అని రాస్తాం. పాలు రాని రోజు సున్నా చుడతాం. నెలాఖరున లెక్క తేలేది ఆ గడుల వల్లే. గుర్తున్నదాన్ని బట్టి లెక్క కడితే పాలవాడికీ మనకీ మాటామాటా పెరుగుతుంది. ఆ క్యాలెండరులో మూడు గుణాలున్నాయి. ఏ రోజుది ఆ రోజే రాశాం. ఎంతో అంతే రాశాం. లేని రోజు లేదని రాశాం. ప్రకృతిని చూసి రాసే పుస్తకానికీ కావాల్సినవి ఈ మూడే.

మరి ఎక్కడ మొదలుపెట్టాలి? దూరం పోవద్దు. ఇంటి నుంచి నడిచి వెళ్ళగల ఒక చోటు ఎంచుకోండి. ఊరి చెరువు కావచ్చు. కాలేజీ వెనక గుట్ట కావచ్చు. హైదరాబాద్‌లో ఉంటే పార్కులో ఒక మూల కావచ్చు. ఒకటే చోటు. వారానికి ఒకసారి. వీలైతే ఒకే వేళ. అరగంట కూర్చోండి. చూసింది అక్కడే రాయండి. ఇంటికొచ్చి రాద్దామనుకుంటే సగం పోతుంది.

ఏం రాయాలి? ఒక పేజీ ఎలా ఉంటుందో చదివి వినిపిస్తాను. "నవంబరు రెండో ఆదివారం. పొద్దున ఆరున్నర నుంచి ఏడు. మంచు కొద్దిగా. తూము దగ్గర నీళ్ళు మోకాలి లోతు. నత్తగుల్ల కొంగలు పదకొండు, తూముకు ఎడమపక్క, నత్తలు ఏరుకుంటున్నాయి. నీటికాకులు నాలుగు, ఎండిన తుమ్మకొమ్మ మీద రెక్కలు ఆరబెట్టుకుంటున్నాయి. లకుముకి పిట్ట ఒకటి. పోయినవారం కనిపించిన బాతులు ఇవాళ లేవు. ఉత్తరపు గట్టున జేసీబీ మట్టి తవ్వుతోంది. వల వేస్తున్న పెద్దాయన చెప్పాడు, బాతులు నిన్న సాయంత్రం దాకా ఉన్నాయట." అంతే. ఇంగ్లీషు పేర్లు, శాస్త్రీయ నామాలు తెలియకపోయినా ఫర్వాలేదు. తెలియని పిట్ట అయితే ముక్కు ఎలా ఉంది, కాళ్ళ రంగేమిటి, ఎంత పరిమాణం, ఏం చేస్తోంది అని రాసి చిన్న బొమ్మ గీయండి. పేరు తర్వాత దొరుకుతుంది.

ఆ పేజీలో రెండు సంగతులు మళ్ళీ చూడండి. "బాతులు ఇవాళ లేవు" అని రాశాం. లేకపోవడం కూడా వార్తే. అందరూ కనిపించింది రాస్తారు, కనిపించనిది వదిలేస్తారు. అదీ రాసినవాడే నిజమైన పరిశీలకుడు. రెండోది, పెద్దాయన చెప్పిన మాట ఆయన చెప్పినట్టుగానే, ఆయన చెప్పాడనే రాశాం. మనం చూసింది వేరు, విన్నది వేరు. రెండూ కలపకూడదు. ఈ రెండు అలవాట్లు మీకుంటే సంస్థవాళ్ళు మీ పుస్తకం తెరిచిన మొదటి పేజీలోనే పట్టేస్తారు.

ఇలా ఒక ఏడాది. వానాకాలం, చలికాలం, ఎండాకాలం తిరిగి రావాలి. ఏడాది తర్వాత మీ చెరువు గురించి మీకు తెలిసినంత ఆ జిల్లాలో ఇంకెవరికీ తెలియదు. ఏ నెలలో నీళ్ళు తగ్గుతాయి, ఏ వారంలో వలస బాతులు వస్తాయి, గట్టు మీద తుమ్మలు కొట్టేశాక కొంగలు ఎక్కడికి పోయాయి, అన్నీ తేదీలతో సహా ఉంటాయి. ఇది ఏ సర్టిఫికెట్టూ చెప్పలేని సంగతి. మళ్ళీ చెప్తున్నాను. ఒకటే చోటు, ఏ రోజుది ఆ రోజు, లేనిది లేదని.

ఈ పుస్తకం మిమ్మల్ని ఇంట్లో కూర్చోనివ్వదు కూడా. జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన జరుగుతుంది. 1987 నుంచి జరుగుతోంది. చెరువుల దగ్గర పక్షులు లెక్కపెట్టేది ఎక్కువగా వాలంటీర్లే. ఫిబ్రవరిలో నాలుగు రోజులు ప్రపంచమంతా పెరటి పక్షుల లెక్క ఉంటుంది. ఈబర్డ్ అనే యాప్‌లో ఎవరైనా ఉచితంగా తమ జాబితా పెట్టొచ్చు. హైదరాబాద్‌లో డెక్కన్ బర్డర్స్ అనే సంఘం 1980 నుంచి ఉంది, ఇదివరకు దాని పేరు బర్డ్ వాచర్స్ సొసైటీ ఆఫ్ ఆంధ్రప్రదేశ్. వాళ్ళు కలిసి పక్షుల్ని చూడ్డానికి వెళ్తారు. నాలుగేళ్ళకోసారి దేశమంతటా పులుల లెక్క జరుగుతుంది. ఇలాంటి చోట్లకు వెళ్తే సంస్థల్లో పనిచేసేవాళ్ళు మీకు ఎదురుపడతారు. మీరు పొద్దున టైముకు వచ్చారా, ఎండలో విసుక్కోకుండా నడిచారా, కాగితం సరిగ్గా నింపారా అని వాళ్ళు చూస్తారు. రేపు పోస్టు ఖాళీ అయినప్పుడు మొదట గుర్తొచ్చేది చూసిన మనిషే. దీన్ని సిఫారసు అనుకోకండి. పని చూసి పిలవడం ఇది.

పక్షుల్ని కాపాడేందుకు ఉద్యోగమే అక్కర్లేదని మన ఊళ్ళే నిరూపించాయి. టెక్కలి దగ్గర తేలినీలాపురం ఉంది. అక్కడికి గూడబాతులూ కొంగలూ వచ్చి చెట్ల మీద గుడ్లు పొదుగుతాయి. ఊరివాళ్ళు వాటిని తరమరు, కొట్టరు. అనంతపురం వైపు వీరాపురంలోనూ అంతే. పర్యావరణ సంస్థలో చేరేవాళ్ళు ముందు ఇలాంటి ఊరికి వెళ్ళి, అరుగు మీద కూర్చుని పెద్దవాళ్ళతో మాట్లాడాలని నా కోరిక. మనం నేర్పబోయేది అక్కడ ఇప్పటికే ఉంది. ఉన్నదాన్ని గౌరవించడం నేర్చుకుని వస్తే, వేరే ఊళ్ళో మాట్లాడే తీరు మారిపోతుంది.

ఇప్పుడు దరఖాస్తు. ప్రకటనలు సంస్థల సొంత వెబ్‌సైట్లలో, లింక్డ్‌ఇన్‌లో పడతాయి. వారం వారం చూడండి. ప్రకటన చదివేటప్పుడు కొన్ని మాటలు జాగ్రత్తగా చదవండి. ఫీల్డ్ బేస్డ్ అని ఉంటే మీరు ఆఫీసులో ఉండరు, అడవి పక్క ఊళ్ళో గది తీసుకుని ఉండాలి. కన్సాలిడేటెడ్ అని ఉంటే రాసిన మొత్తమే జీతం, పైన అలవెన్సులు ఉండవు. నిధుల లభ్యతను బట్టి పొడిగిస్తాం అని ఉంటే ప్రాజెక్టు అయిపోగానే ఉద్యోగమూ అయిపోవచ్చు. పరిశోధన పోస్టులకు సాధారణంగా ఎం.ఎస్సీ. అడుగుతారు. దానికి డెహ్రాడూన్‌లో వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా ఉంది, బెంగళూరులో ఎన్.సి.బి.ఎస్.లో వన్యప్రాణి కోర్సు ఉంది. సీట్లు తక్కువ, పోటీ ఎక్కువ. ఆ ఇంటర్వ్యూలకు కూడా మీ నోటుపుస్తకం తీసుకెళ్ళండి.

దరఖాస్తు ఉత్తరం ఒక పేజీ దాటొద్దు. "నాకు చిన్నప్పటి నుంచి జంతువులంటే ప్రాణం" అని మొదలుపెట్టొద్దు. అది నిజమే అయినా, వచ్చిన ఉత్తరాలన్నీ అలాగే మొదలవుతాయి. "మా ఊరి చెరువును పోయిన జూన్ నుంచి వారం వారం చూస్తున్నాను, అక్కడ ఈ మార్పు గమనించాను" అని మొదలుపెట్టండి. పుస్తకంలో రెండు పేజీలు ఫొటో తీసి జతచేయండి. మీకు వచ్చిన భాషలన్నీ రాయండి. తెలుగు మాట్లాడటం, చదవడం, రాయడం మూడూ వచ్చని రాయండి. గోండి, కోయ, లంబాడీ, సవర వస్తే తప్పకుండా రాయండి. అడవి దగ్గర పనికి అంతకన్నా పెద్ద అర్హత ఉండదు. రిపోర్టులు మాత్రం చాలా చోట్ల ఇంగ్లీషులో రాయాలి. చిన్న చిన్న వాక్యాల్లో తప్పుల్లేకుండా రాయడం ఈ ఏడాదిలోనే నేర్చుకోండి.

బీకాం వాళ్ళు అడిగారు కదా. ప్రతి సంస్థలోనూ అకౌంట్లు చూసే మనిషి కావాలి. దాతల డబ్బుకు ప్రతి రూపాయికీ లెక్క చెప్పాలి, ఆడిట్ జరుగుతుంది, విదేశీ విరాళాలకు వేరే చట్టం, వేరే లెక్కలు ఉన్నాయి. బీటెక్ వాళ్ళకు మ్యాపుల పని ఉంది, కెమెరా ట్రాపుల్లో వచ్చిన వేల ఫొటోలు సర్దే పని ఉంది. సోషల్ వర్క్ చదివినవాళ్ళు గ్రామసభల్లో అక్కరకొస్తారు. లా చదివినవాళ్ళూ కావాలి.

ఇక అమ్మానాన్నల ప్రశ్న. లాభాపేక్ష లేని సంస్థ అంటే జీతం ఇవ్వని సంస్థ అని చాలామంది అనుకుంటారు. అలా కాదు. మిగిలిన డబ్బు యజమానులు పంచుకోరని దాని అర్థం. పనిచేసేవాళ్ళకు జీతం ఉంటుంది. డబ్బు విరాళాల నుంచీ, ప్రభుత్వ ప్రాజెక్టుల నుంచీ వస్తుంది. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు తమ సగటు లాభంలో 2 శాతం సమాజం కోసం ఖర్చుపెట్టాలి. పర్యావరణం, జంతుజాలం కూడా ఆ జాబితాలో ఉన్నాయి. అక్కడి నుంచీ వస్తుంది. అయితే ఇలా వచ్చే డబ్బు ఏడాదికో, మూడేళ్ళకో వస్తుంది. ఉద్యోగమూ అంతకాలానికే ఇస్తారు. మొదటి జీతం సాఫ్ట్‌వేర్ జీతంతో పోల్చేలా ఉండదు. ఇది దాచి చెప్పడం మీ పిల్లలకు మంచిది కాదు. ఒక ప్రాజెక్టులో మంచి పేరు తెచ్చుకున్నవాళ్ళు ఇంకోదానికి వెళ్తారు. ఆ మధ్యలో రెండు మూడు నెలలు ఖాళీ వస్తే తట్టుకునే చిన్న మొత్తం మొదటి నెల నుంచే దాచుకోవాలి.

జీతం లేని ఇంటర్న్‌షిప్‌ల గురించి నాకు గట్టి అభిప్రాయం ఉంది. ఒక నెల నేర్చుకోవడానికి వెళ్తే సరే. తిండీ బసా ఇవ్వాలి, దారిఖర్చు ఇవ్వాలి. ఆరు నెలలు, ఏడాది ఊరికే పనిచేయించుకోవడం అన్యాయం. అలా అయితే డబ్బున్న ఇంటి పిల్లలే ఈ రంగంలోకి వస్తారు. చెరువు పక్క ఇంట్లో పుట్టిన పిల్ల రాలేదు. మనకు కావాల్సింది ఆ పిల్లే.

డబ్బు అడిగే ఉద్యోగం మాత్రం ఉద్యోగమే కాదు. రిజిస్ట్రేషన్ ఫీజని, శిక్షణ డిపాజిట్టని, యూనిఫారానికని ఎవరైనా అడిగితే ఫోను పెట్టేయండి. అటవీశాఖ పేరు, పెద్ద సంస్థల పేరు చెప్పి మోసం చేసేవాళ్ళు ఉన్నారు. సంస్థ నమోదై ఉందో లేదో ఎన్‌జీవో దర్పణ్ అనే ప్రభుత్వ పోర్టల్‌లో చూడొచ్చు. వార్షిక నివేదిక అడగండి. పనిచేసి వెళ్ళినవాళ్ళలో ఇద్దరితో మాట్లాడండి. జీతం నెలనెలా వచ్చిందా, పై అధికారి ఎలా మాట్లాడేవాడు అని అడగండి.

అమ్మాయిలున్న ఇళ్ళవాళ్ళు ఇంకొన్ని అడగాలి. బస ఎక్కడ, గదికి లోపలి నుంచి గడియ ఉందా, రాత్రి పని ఉంటే తోడు ఎవరు, లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే కమిటీ సంస్థలో ఉందా. పదిమంది, అంతకన్నా ఎక్కువమంది పనిచేసే చోట 2013 చట్టం ప్రకారం ఆ కమిటీ ఉండి తీరాలి. అమ్మాయిలు ఈ పనిలో ఎందరో ఉన్నారు. ముందు తెలుసుకుని పంపండి, ఆపకండి.

అబ్బాయిలైనా అమ్మాయిలైనా, చేరే ముందు చివరగా ఇవి అడగండి. ప్రాజెక్టుకు డబ్బు ఎప్పటి దాకా ఉంది? ప్రమాద బీమా ఉందా? మలేరియా వస్తే వైద్యం ఖర్చు ఎవరిది? పాము కాటేస్తే మందు ఉన్న ఆసుపత్రి క్యాంపుకు ఎంత దూరం, తీసుకెళ్ళే బండి రాత్రిపూట ఉంటుందా? ఫోన్ సిగ్నల్ లేని చోట ఎవరికి ఎలా కబురు చేయాలి? ఈ ప్రశ్నలకు నిదానంగా, కాగితం మీద జవాబిచ్చే సంస్థలో చేరండి. అడగడానికి మొహమాటపడకండి.